అద్దంకి పెళ్లిలో తీసిన ఫొటో

ఆ వేసవిలో మా ఆయన వారానికి రెండు మూడు రోజులు పొద్దున్నే తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని కారు తీసుకుని వెళ్లేవారు. ఎక్కడికని అడిగితే రైతు సంఘం పని అనేవారు. పత్తి పోయినవాళ్లకు నష్టపరిహారం ఇప్పించమని ఒకరోజు గుంటూరు కలెక్టరాఫీసులో, ఒకరోజు ఒంగోలులో పెద్దవాళ్లను కలుస్తున్నామని చెప్పేవారు. అలాంటిచోటికి తెల్లబట్టల్లో వెళితేనే బాగుంటుందనేవారు.

నేను నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, ప్రత్తిపాడులో మా వీధి వీధంతా చెప్పాను. పిండిమర దగ్గర చెప్పాను, కూరల బండి దగ్గర చెప్పాను. మా ఆయన వెళ్లందే కలెక్టరుగారు ఆ ఫైలు ముట్టుకోవడం లేదని కూడా అన్నాను. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. అది నేను కలిపింది. ఒకసారి కారు తుడుస్తుంటే వెనక సీటు కింద లిల్లీపూలు దొరికాయి. మంత్రిగారికి వేసిన దండ తాలూకు అన్నారాయన. ఆ వాడిపోయిన పూలు కూడా చేతిలో పెట్టుకుని తీసుకెళ్లి పక్కింటి రహిమున్నీసాకి చూపించాను.

అది తొంభై ఎనిమిది. ముందటి శీతాకాలం మా పత్తి ఏమైందో ఈ జిల్లాలో ఎవర్నడిగినా చెబుతారు. ఏ మందు కొట్టినా పురుగు చావలేదు. ఆ మందే తాగి మా చుట్టుపక్కల ఊళ్లలో మనుషులు చచ్చిపోయారు. మా కొట్టంలో మిగిలిన డబ్బాలు నేనే దగ్గరుండి గొయ్యి తీయించి పూడ్పించాను. అటువంటి రోజుల్లో మగమనిషి గోడవంక చూస్తూ ఇంట్లో కూర్చోవడం కంటే తెల్లబట్టలు వేసుకుని ఎక్కడికో ఒకచోటికి వెళ్లడమే నాకు కావలసింది. అందుకే ఎక్కువ ప్రశ్నలు వేయలేదు.

కారు ప్లిమత్. పొగాకు బాగా పలికిన కాలంలో మా మామగారు మద్రాసు నుంచి తెప్పించుకున్నారు. నల్లటి ఒళ్లు, ముందు వెండి జాలీ, మంచంలాంటి వెనక సీటు. మామగారు పోయాక దాన్ని అమ్మేయమని ఎంతమంది చెప్పినా మా ఆయన వినలేదు. ఆయనకు కార్లన్నా, కార్ల ఫొటోలన్నా ప్రాణం. ఆ పిచ్చి ఉన్నవాళ్లు ఇంకో ఇద్దరు దొరికారు. ఒకరు గుంటూరులో మెకానిక్ షెడ్డున్న జాన్ బాషా. ఇంకొకరు హైస్కూల్లో సైన్సు చెప్పే సాల్మన్ మాస్టారు. బాషాకి పాత ఫియట్ ఉంది. మాస్టారికి కారు లేదు, సైకిలుంది. కానీ అందరిలోకీ మంచి కెమెరా ఆయనదే.

నెలకో ఆదివారం వీళ్లు మా ఇంట్లో చేరేవారు. ఆ నెలలో తీసిన ఫొటోలు మండువాలో పట్టెమంచం మీద పరిచి, అన్నం చల్లారిపోతున్నా లేవకుండా వాదించుకునేవారు. పిడుగురాళ్ల వెళ్లి సున్నపు బట్టీల తెల్లదుమ్ములో నల్లకారుని నిలబెట్టి తీసేవారు. మిరపకాయలు ఆరబోసిన కళ్లాల మధ్య పెట్టి తీసేవారు. పెళ్లయిన కొత్తలో నాకు ఒక్క ఫొటో తీయమంటే బద్ధకించిన మనిషి, కారు చక్రం బాగా కనబడాలని నడిరోడ్డు మీద బోర్లా పడుకునేవారు. 

ఆ వేసవిలో ఆయన తన ఇంట్లో జరిగే ఆదివారాలకే రావడం మానేశారు.

*

చైత్రమాసంలో ఒక ఆదివారం బాషా, మాస్టారు ఎప్పటిలాగే వచ్చారు. వెంట కొత్తగా ఒక కుర్రాడు. 

"ఇతను త్రినాథ్, అమ్మా. అద్దంకిలో బ్యాంకులో పనిచేస్తాడు. మాలాంటి పిచ్చోడే" అన్నారు మాస్టారు.

"సార్ లేరాండి? కారు కూడా లేదా?" అన్నాడు ఆ కుర్రాడు నిరాశగా. "ప్లిమత్ చూద్దామనే ఇంత ఎండలో బస్సెక్కి వచ్చానండి."

"సంఘం పని మీద ఒంగోలు వెళ్లారు బాబూ. సాయంత్రానికి గానీ రారు" అన్నాను. 

జాన్ బాషా కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. అప్పుడు నాకేమీ తోచలేదు.

ఫొటోలు మంచం మీదకు వచ్చాయి. తెనాలిలో ఎవరి దొడ్లోనో పడి ఉన్న పెద్ద విదేశీ కారు, దాని బానెట్ మీద పొదుగుతున్న కోడి, అది బాషా తీసింది. దూది మిల్లు ముందు ఆగిన అంబాసిడర్, ఒళ్లంతా పత్తిపీచు అంటుకుని ముసలాయనలా ఉంది, అది మాస్టారిది. అందరూ నవ్వుకుంటున్నారు. నేను మజ్జిగ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని వచ్చేసరికి త్రినాథ్ తన కవరులోంచి ఒక పెద్ద ఫొటో తీశాడు.

"ఇది చూడండి మాస్టారూ. మొన్న అద్దంకిలో మా మేనేజరుగారమ్మాయి పెళ్లిలో తీశాను. పెళ్లికొడుకు దిగుతున్నప్పుడు."

మాస్టారు ఫొటో అందుకుని చూశారు. బాషాకి ఇచ్చారు. బాషా చూసి వెంటనే మంచం మీద పెట్టేశాడు. ఎప్పుడూ గలగలా ఉండే మనుషులు ఎందుకలా అయ్యారో నాకు అర్థంకాక, పళ్లెం పట్టుకునే వంగి చూశాను.

ముందు కారు చూశాను. బానెట్ నిండా లిల్లీపూల జడలు, గులాబీలు. తర్వాత తెరిచి ఉన్న వెనక తలుపు. ఆ తలుపు పట్టుకుని, తెల్లబట్టల్లో, తెల్ల టోపీలో, నడుం వంచి, రెండో చెయ్యి పొట్టకు ఆనించి నిలబడ్డ డ్రైవరు. టోపీ కింద సగం మొహమే కనబడుతోంది. నాకు ఆ సగం చాలు.

"ఎంత మర్యాదస్థుడండీ ఆ డ్రైవరు!" అంటున్నాడు త్రినాథ్. "కారెవరిదని అడిగితే గుంటూరు పక్క పెద్ద రైతుగారిది, నేను తోలేవాణ్ణి అన్నాడు. నా చేతిలో కెమెరా చూసి, తనంతట తనే కారుని కాస్త ముందుకు జరిపి పెట్టాడు. ఇప్పుడు వెలుతురు బానెట్ మీద పడుతుంది తీసుకో బాబూ అన్నాడు. ఆ తెలివి నాకే లేదు."

చెబుతూ చెబుతూ తలెత్తాడు. ఎదురుగా గోడకు మా కారు ఫొటో పటం కట్టి ఉంది.

"అరె! ఇదే కారు కదా! నంబరు కూడా ఇదే! అంటే... మీ కారేనాండి అది? ఆయన మీ డ్రైవరా?"

అవుననాలో కాదనాలో తెలియలేదు. నా బదులు మాస్టారు చెప్పారు.

"అవునోయ్. వాళ్ల డ్రైవరే. చాలాకాలంగా ఉన్న మనిషి." వెంటనే ఫొటో చేతిలోకి తీసుకున్నారు. "వెలుతురు బాగా పట్టావు. కాకపోతే ఇదిగో, ఈ వెనక చక్రం కాస్త తెగిపోయింది."

"అవునవును" అన్నాడు బాషా. "చక్రం పూర్తిగా రావాల్సింది."

చాలాసేపు చక్రం గురించే మాట్లాడారు. ఇంకొంచెం దూరం జరిగి ఉండాల్సిందని, ఇంకొంచెం కిందికి కూర్చుని ఉండాల్సిందని. ఆ మనిషి గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. నేను లోపలికి వెళ్లి పొయ్యి దగ్గర ఊరికే నిలబడ్డాను. వాళ్లు నా పరువు కాపాడుతున్నారని తెలుస్తూనే ఉంది. కాపాడుతున్నారంటే పోయినట్టే కదా అనిపించింది.

వెళ్లేటప్పుడు త్రినాథ్ ఆ ఫొటో నా చేతిలో పెట్టాడు. "సార్‌కి చూపించండమ్మా. మా బ్యాంకులోనే నా స్నేహితుడికి వైశాఖంలో పెళ్లి. ఈ ఫొటో చూసి ఇదే కారు కావాలని పట్టుబట్టాడు. డెకరేషన్ చేసే హుస్సేన్ సాహెబ్‌తో మాట్లాడేశాం కూడా."

అందరూ వెళ్లాక బాషా గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు. "కోప్పడకండి వదినా. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. టోపీ డిక్కీలో పెట్టుకుంటాడు. ఊరు దాటాకే తీస్తాడు" అన్నాడు. నేను తలూపాను. అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

*

ఆ సాయంత్రం ఆయన వచ్చారు. నుదుటి మీద టోపీ అంచు వొత్తిన ఎర్రటి గీత ఉంది. అన్ని రోజులూ ఉండే ఉంటుంది, నేనే చూడలేదు. 

"ఏమన్నారు ఒంగోల్లో?" అని అడిగాను.

"చూద్దామన్నారు" అన్నారు.

అన్నం పెట్టాను. ఫొటో నా బీరువాలో చీరల కింద ఉంది.

మర్నాడు పిండిమర దగ్గర రహిమున్నీసా అందరి ముందూ అడిగింది. "ఏం కోటేశ్వరక్కా, అన్నయ్య కలెక్టరుగారిని ఒప్పించారా? మా బావగారి పేరు కూడా రాయించమని చెప్పు, నీకు పుణ్యముంటుంది." ఆమె వెక్కిరించడం లేదు, నిజంగానే అడుగుతోంది. చెబుతాలే అని గొణిగి, పిండి జల్లించకుండానే డబ్బా ఎత్తుకుని వచ్చేశాను. ఆ తర్వాత పిండిమరకి నేను వెళ్లలేదు. తెల్లబట్టలు దొడ్లో తీగమీద ఆరేయడం మానేసి, లోపలి గదిలో తలుపు వేసి ఆరేసేదాన్ని. ఎవరైనా చూస్తే ఏమవుతుంది? తెల్లబట్టలు తెల్లబట్టలే. అయినా అలా చేశాను.

నాకు ఆయన మీద కోపంగా కూడా ఉండేది. కారు కిరాయికి తిప్పుతున్నందుకు కాదు. నాకు చెప్పనందుకు కూడా కాదేమో. అలా వంగినందుకు. మామగారు దర్జాగా దిగే తలుపు పట్టుకుని, ఎవరో ఊరూ పేరూ తెలియని పెళ్లికొడుకు కోసం అంత వంగినందుకు. ఆ కోపం వచ్చిన ప్రతిసారీ నామీద నాకే రోత పుట్టేది. ఆయన వంగబట్టే కదా మా ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెడుతున్నాను.

పదిహేను రోజుల తర్వాత మా ఆడబిడ్డ రాఘవమ్మ వదిన పర్చూరు నుంచి శుభలేఖ పట్టుకుని వచ్చింది. ఆమె కూతురు బిందుమాధవి పెళ్లి. మా ఆయనే మేనమామ.

"ఒరేయ్ నాగేంద్రం, బుట్ట నువ్వే ఎత్తాలి. పిల్ల బరువెక్కింది, ఇప్పటినుంచే కాస్త నెయ్యి తిను" అని నవ్వింది. ఆయనా నవ్వారు. బుట్టలో కూర్చున్న పెళ్లికూతుర్ని మేనమామ పీటల దగ్గరికి తీసుకురావడం మా వైపు ఆనవాయితీ. 

"మన కారు పెళ్లికొడుక్కి పంపమని అడుగుదామనుకున్నాను" అంది వదిన నాతో, వంటింట్లో. "అబ్బాయి బ్యాంకులో కదా, పెళ్లివాళ్లే అద్దంకి నుంచి పాతకాలం నాటి పెద్ద కారేదో మాట్లాడుకున్నారట. మా వాడి ప్లిమత్ ముందు అదెంతలే!"

అద్దంకి. బ్యాంకు. పాత కారు. 

వదిన వెళ్లిపోయాక, ఆయన వరండాలో కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే దగ్గరికి వెళ్లాను.

"ఏవండీ, ఆ ఒక్క పెళ్లికీ ఒప్పుకోకండి."

"ఏ పెళ్లికి?"

"బిందు పెళ్లికి."

లేసు విప్పుతున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. లోపలికి వెళ్లి ఫొటో తెచ్చి ఆయన పక్కన బల్ల మీద పెట్టాను. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. 

"కుర్రాడు బాగా తీశాడు" అన్నారు. "పొద్దుటి ఎండ కదా." మళ్లీ చూశారు. తర్వాత, నన్ను కాదు, ఆ ఫొటోనే అడుగుతున్నట్టు, "ఇంత వంగుతున్నానా నేను?" అన్నారు.

నేను ఫొటోని బల్ల మీద బోర్లించాను. 

"హుస్సేన్ సాహెబ్ అద్దంకి పెళ్లివారని చెప్పాడు గానీ, అది మన బిందు పెళ్లని నాకు తెలియదు" అన్నారు కాసేపటికి. 

"రాననండి. ఇంకో కారు చూసుకుంటారు."

"మాటిచ్చాను కోటేశ్వరీ. ఇప్పుడు ఈ కాలంలో అంత కారు ఎక్కడ దొరుకుతుంది వాళ్లకి? బాషాని తోలమంటాను. నేను మేనమామగా వస్తాను. కారు నేనే పంపాననుకుంటారు మనవాళ్లు. అనుకోనీ."

"వదిన అడిగితే నన్నేం చెప్పమంటారు?"

"నువ్వేమీ చెప్పకు. ఊరుకో, చాలు."

ఊరుకోవడం నాకు అప్పటికే అలవాటైంది.

*

పర్చూరులో కల్యాణమండపం. ముహూర్తం పగటిపూటే. ఎదురుకోలుకు మేమంతా పళ్లేలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాం. ఆయన పట్టుపంచె కట్టి, కండువా వేసుకుని వదిన పక్కనే ఉన్నారు. ఎన్నాళ్లకో ఆయన ఆయనలా ఉన్నారు. 

కారు మలుపు తిరిగి రాగానే మా వాళ్లలో కలకలం. "అరెరే, మన నాగేంద్రం కారు! మన ప్లిమత్!" వదిన మొహం వెలిగిపోయింది. "చెప్పనే లేదు చూడు! నా కూతురి కోసం నా తమ్ముడు కారు పంపాడు!" అని చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేలా అంది. బాషా దిగి తలుపు తీశాడు. పెళ్లికొడుకు దిగాడు. వెనకే మెడలో కెమెరా వేసుకుని త్రినాథ్ దిగాడు.

పెళ్లికొడుకు స్నేహితుడు రాకుండా ఎలా ఉంటాడు? ఆ మాట నాకు గానీ ఆయనకు గానీ ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

"పంపడమేంటమ్మా?" అంటున్నారు పెళ్లికొడుకు తండ్రి, నవ్వుతూనే. "మేము హుస్సేన్ సాహెబ్ ద్వారా కిరాయికి మాట్లాడుకున్న కారండీ ఇది."

వదిన అయోమయంగా తమ్ముడి వంక చూసింది. అందరూ అటే చూశారు. త్రినాథ్ కూడా చూశాడు. ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టిన సంతోషంతో మొహం విప్పారింది.

"డ్రైవరుగారూ! మీరా! ఇదేంటి, పట్టుబట్టల్లో ఉన్నారు? ఇవాళ బండి తోలడం లేదా?" 

పాపం, అతనికేం తెలుసు. ఆ రోజు మా ఇంట్లో విన్నదే అతను నమ్మాడు. పైగా అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. "ఈయన్ని చూశారా, నేను చెప్పానే, అద్దంకి ఫొటోలో ఉన్నది ఈయనే."

బాషా పరుగున వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. మా ఆయన కండువా సర్దుకుని ఒక అడుగు ముందుకు వేశారు. 

"అవును బాబూ, నేనే. కారు నాదే. తోలేదీ నేనే" అన్నారు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "ఈ అమ్మాయికి మేనమామని కూడా నేనే."

త్రినాథ్ నోరు తెరిచి, నన్ను చూసి, మళ్లీ మూసుకున్నాడు. పెళ్లివారి గుంపులో వెనక ఎవరో మగగొంతు, "అయితే మేనమామ కిరాయి కూడా కలిపే మాట్లాడారా?" అంది. నవ్వులు. పెద్దగా ఏమీ కాదు, నలుగురైదుగురు. పెళ్లిళ్లలో అంతకంటే మోటు మాటలు వింటాం. సన్నాయి వాయించేవాళ్లు ఆపకుండా వాయిస్తూనే ఉన్నారు. హారతి ఇచ్చేశాం. అందరూ లోపలికి వెళ్లారు.

గౌరీపూజ జరుగుతుండగా వదిన మమ్మల్నిద్దరినీ పక్క గదిలోకి పిలిచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకు చెప్పకపోతివేరా. నాకు చెబితే నేను చచ్చిపోతానా?"

"చెప్పాల్సింది అక్కా."

"వాళ్లు నవ్వారురా. రేపు నా కూతుర్ని ఆ ఇంట్లో ఏమని పిలుస్తారు? డ్రైవరు మేనకోడలనా?" పైట చెంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత ఎటో చూస్తూ అంది. "బుట్ట నువ్వెత్తద్దు. పెదనాన్నగారబ్బాయిని ఎత్తమన్నాను. ఏమీ అనుకోకు."

ఆయన సరేనన్నారు. 

నేను ఏదైనా అంటాననుకుంది కాబోలు వదిన, నా వైపు చూసింది. అనలేదు. ఆమె అన్నది అన్యాయమని తెలుసు. కానీ ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. ఆ పందిట్లో, ఆ నవ్వినవాళ్ల ముందు ఆయన మళ్లీ నిలబడి బుట్ట ఎత్తితే నేను చూడలేననుకున్నాను. ఆయన కనబడకుండా ఉంటే చాలనుకున్నాను.

బిందుని ఎవరో ఎత్తుకుని తెచ్చారు. పిల్ల తల వంచుకుని ఉంది. చుట్టూ చూడబోయి, మళ్లీ వంచుకుంది. తలంబ్రాల వేళకు ఆయన పందిట్లో లేరు.

భోజనాలయ్యాయి. అప్పగింతలయ్యాయి. పెళ్లికూతురి వెంట మా తరఫున నేను అద్దంకి వెళ్లాలని ముందే అనుకున్నది. బయటికి వచ్చి చూస్తే, కారు పక్కన ఆయన తెల్లబట్టల్లో, టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నారు. పట్టుపంచె మడత పెట్టి ముందు సీట్లో ఉంది. బాషా పక్కన బిక్కమొహం వేసుకున్నాడు.

"నేను తోలతానన్నాను వదినా, తాళాలు లాక్కున్నాడు" అన్నాడు.

"ఒప్పుకున్న పని" అన్నారాయన. "ఇంక దాచేదేముంది?"

వెనక తలుపు తెరిచి పట్టుకున్నారు. పెళ్లికొడుకు ఎలా పిలవాలో తెలియక తడబడి, చేతులు జోడించి ఎక్కి కూర్చున్నాడు. బిందు ఎక్కబోతూ ఆగి, మేనమామ కాళ్లకు దండం పెట్టింది. టోపీ పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పిల్ల తల మీద పెట్టారాయన. 

"నువ్వు వెనక బస్సులో రా కోటేశ్వరీ. కారులో ఇరుకు" అంది వదిన నా చెవిలో. ఆ కారులో ఇరుకేమిటి? అందులో ఊరి పిల్లలంతా పడతారు. 

బస్సు వైపు నాలుగడుగులు వేశాను. బస్సు కిటికీల నిండా మొహాలు, అందరూ కారు వైపే చూస్తున్నారు. ఆ మొహాల మధ్యకు వెళ్లి కూర్చుని, దారంతా ఆ కారు వెనకే, ఆయన తల వెనకే ప్రయాణం చెయ్యడం తలుచుకున్నాను. తిరిగి వచ్చి, పట్టుపంచె ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. ధైర్యం చేసి ఎక్కానని తర్వాత సాల్మన్ మాస్టారు మెచ్చుకున్నారు. ధైర్యం కాదు. బస్సుకి భయపడి ఎక్కాను.

త్రినాథ్ కెమెరా ఎత్తాడు. ఎత్తి, ఆయన వంక అడుగుతున్నట్టు చూశాడు. ఆయన తలూపారు. నేను మొహం కిందికి దించుకున్నాను. 

దారిలో రెండు పక్కలా మిరప కళ్లాలు ఖాళీ చేస్తున్నారు, బస్తాలు కుడుతున్నారు. ఘాటుకి పెళ్లికొడుకు తుమ్మాడు. "అద్దం ఎత్తుకోండి బాబూ" అన్నారాయన. "మీరు నన్ను బాబూ అనకండి" అన్నాడా అబ్బాయి సిగ్గుపడుతూ. ఆయన స్పీడు కాస్త తగ్గించారు.

ఆ తర్వాత ఇంకో రెండు వేసవులు ఆ కారు పెళ్లిళ్లకు తిరిగింది. మళ్లీ మిరప కలిసొచ్చాకే ఆపారు. త్రినాథ్ చాలాకాలం మా ఇంటికి రాలేదు, వచ్చాక మాత్రం ఏ ఆదివారమూ మానలేదు. వదిన బిందు కాన్పు నాడు తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చింది. అవన్నీ తర్వాతి సంగతులు. 

అద్దంకిలో కారు ఆగేసరికి ఇంటి ముందు ఆడవాళ్లు ఎర్రనీళ్లతో సిద్ధంగా ఉన్నారు. దిష్టి తీశారు, పిల్లను లోపలికి తీసుకెళ్లారు. పెళ్లికి రాకుండా ఇంటిదగ్గర వంటలు చూసుకున్న పెద్దావిడ ఒకామె నన్ను చేయిపట్టుకుని హాల్లోకి తీసుకెళుతూ, వంటవాళ్లతో గట్టిగా చెప్పింది. "డ్రైవరుకి వెనక పందిట్లో ఆకు వేయండి. పొద్దుటినుంచి తిన్నాడో లేదో."

మంచి మనసుతోనే చెప్పింది. నేను ఆగిపోయాను. 

"నేనూ అక్కడే తింటానండి" అన్నాను.

"అదేంటమ్మా? మీరు పెళ్లికూతురి అత్తయ్య కదా. లోపల కూర్చోండి."

"ఆయన మా ఆయనండి."

మాట గట్టిగానే వచ్చింది. హాల్లో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. కానీ ఆవిడ మొహంలోకి చూసి అనలేకపోయాను. గుమ్మానికి కట్టిన మామిడాకులను చూస్తూ అన్నాను. ఆవిడ ఏం జవాబిచ్చిందో వినకుండా దొడ్డిదారిన వెనక్కి నడిచాను.

పందిట్లో ఆయన ఒక్కరే, టోపీ పక్కన పెట్టి, ఆకు ముందు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి మొహం చిట్లించారు.

"నువ్వెందుకొచ్చావిక్కడికి?"

"ఆకలేసింది" అన్నాను.

కాసేపు నావంకే చూసి, పక్కకు జరిగారు. ఇంకో ఆకు వేశారు. ఇద్దరం తల వంచుకుని తిన్నాం. తినేటప్పుడు ఎవరైనా తల వంచుకునే తింటారు కాబట్టి, చూసేవాళ్లకు తేడా తెలిసి ఉండదు.